బలిసిన గుర్రం బలమైన గుర్రం కాదు

నిండైన మెడ, నున్నని వీపు ఆరోగ్యానికి చిహ్నాలని తరతరాల నమ్మకం. పొట్టి జాతి గుర్రాలలో అవే ఒక దారుణ వ్యాధికి తొలి హెచ్చరికలు కావచ్చు. ఆ హెచ్చరికను చదవడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. రెండు చేతులు, ఒక కొలత టేపు చాలు.

పెళ్లిళ్ల రోజులలో సాయంకాలం వేళ జంషెడ్‌పూర్‌లోని బిష్టుపూర్ బజారు వీధిన వెళ్లేవారికి బాజా భజంత్రీల నడుమ వరుడిని మోసుకొని వచ్చే గుర్రం ఎదురు కావడం వింత కాదు. నుదుట పూసల జల్లులు, వీపున జరీ గుడ్డ, కాళ్లకు గజ్జెలు. అలంకారం సంగతి అలా ఉంచితే, గుర్రాన్ని చూచి జనం మెచ్చుకొనేవి ముఖ్యంగా మూడు: విల్లులా వంగిన లావుపాటి మెడ, ప్రక్కటెముకల జాడ తెలియని నిండు మేను, దీపాల వెలుగులో నిగనిగలాడే చర్మం. “ఎంత పుష్టిగా ఉన్నదో!” అని ముచ్చటపడతారు. యజమాని కూడ ఆ మెప్పు కోసమే శనగలూ బెల్లమూ మరొక గుప్పెడు ఎక్కువ పెడతాడు.

అదే గుర్రాన్ని అనుభవజ్ఞుడైన పశువైద్యుడు చూస్తే ఆయన దృష్టి మొదట మెడ పైభాగానికీ, ఆ వెంటనే నాలుగు గిట్టలకూ పోతుంది. జనం పుష్టి అనుకొన్నది నిజంగా పుష్టియేనా, లేక శరీరంలో చక్కెరను నడిపే యంత్రాంగం చెడిపోయిందనడానికి గుర్తా అన్నది ఆయన సందేహం. ఈ రుగ్మతకు పాశ్చాత్య వైద్యులు పెట్టిన పేరు ‘ఈక్వైన్ మెటబాలిక్ సిండ్రోమ్’. అశ్వాల జీవక్రియా దోషం అని తెలుగులో చెప్పుకోవచ్చు. దాని పేరు కొత్తది. అది తెచ్చిపెట్టే కుంటితనం మాత్రం అతి ప్రాచీనం.

పని తగ్గింది, మేత తగ్గలేదు

శ్రమకూ తిండికీ గల సంబంధాన్ని బిష్టుపూర్ వాసులకు వేరే చెప్పనక్కరలేదు. 1912లో ఇక్కడి కర్మాగారంలో మొదటి ఉక్కు తయారైంది. 1919లో ఊరికి జంషెడ్‌పూర్ అనే పేరు వచ్చింది. ఉక్కు కొలుముల వద్ద చెమటోడ్చడానికి శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వచ్చిన తెలుగువారు ఎందరో ఈ పట్టణంలో స్థిరపడ్డారు. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరం వారి ఉనికికి నిదర్శనం. తాతలు కొలిమి ముందు చేసిన శ్రమ మనుమలకు లేదు. పళ్లెంలోని అన్నం మాత్రం అంతే ఉంది. అందుకే ఈనాడు నలుగురు పెద్దలు కూర్చున్న చోట ‘షుగరు’ మాట రాకుండా ఉండదు.

గుర్రం కథ కూడ ఇంచుమించు ఇదే. బండి లాగడం, బరువు మోయడం, డాకు తీసుకొనిపోవడం మొదలైన పనులు ఒక్కొక్కటిగా మోటారు వాహనాలకు దక్కాయి. 2012 పశుగణన ప్రకారం దేశంలో గుర్రాలు, తట్టులు కలిపి సుమారు 6 లక్షల 25 వేలు. 2019 గణన నాటికి అవి సుమారు 3 లక్షల 40 వేలకు పడిపోయాయి. మిగిలినవాటిలో అధిక భాగం ఈనాటికీ చాకిరితో చిక్కి శల్యమైనవే. ఇటుక బట్టీలలో, కొండదారులలో బరువు మోసే జంతువులకు కావలసింది మరింత మేత, కొంత విశ్రాంతి. ఈ వ్యాసం వాటి గురించి కాదు. స్వారీ నేర్పే పాఠశాలలలో, సంపన్నుల తోటలలో, ఊరేగింపులవారి లాయాలలో వారానికి ఒకటి రెండు గంటలు మాత్రమే పని చేస్తూ తక్కిన కాలమంతా తినే గుర్రాలు కొన్ని ఉన్నాయి. వాటికి ముప్పు ఆకలి వల్ల కాదు, ఆదరం వల్ల.

ఆ ముప్పు అన్ని జాతులకూ సమానం కాదు. పందెపు గుర్రం వంటి పొడగరి జాతులకంటె తట్టులకు, అనగా మూపు వద్ద సుమారు 148 సెంటీమీటర్లకు మించని పొట్టి గుర్రాలకు, ఇది ఎక్కువ. గాడిదలు కూడ ఈ కోవలోకే వస్తాయి.

కరవు నేర్పిన పొదుపు

ప్రకృతి పొట్టి జాతులను కఠినమైన బడిలో పెంచింది. బ్రిటన్‌కు ఉత్తరాన షెట్లాండ్ దీవుల తట్టు అయినా, మన స్పితి, జన్‌స్కార్ లోయల తట్టు అయినా, సిక్కిం, డార్జిలింగ్ కొండల భుటియా అయినా పుట్టింది చలిగాలి, రాతినేల, అరకొర పచ్చిక గల సీమలలో. వేసవిలోను, శరత్తులోను దొరికినంత మేసి క్రొవ్వు కూడబెట్టుకోవడం, శీతకాలమంతా ఆ నిలువను కరిగించుకొంటూ బ్రతకడం వాటి పద్ధతి. వసంతం వచ్చే సరికి ప్రక్కటెముకలు తేలి ఉండేవి. ఆ చిక్కిపోవడం రోగం కాదు; సంవత్సరానికి ఒకసారి శరీరం తన లెక్క సరిచూసుకోవడం.

మన విశాఖ మన్యంలో, నేటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, రోడ్డు లేని కొండ గ్రామాలకు బియ్యం మూటలు మోసే పొట్టి గుర్రాలను చూచినవారికి ఈ సంగతి సులువుగా బోధపడుతుంది. దొరికిన గడ్డితోనే అవి కొండలెక్కుతాయి. అటువంటి జంతువును తెచ్చి లాయంలో కట్టివేసి, ఏడాది పొడుగునా శనగలు, తవుడు, బెల్లం పెడితే ఏమవుతుంది? కూడబెట్టే కాలమే గాని ఖర్చుపెట్టే కాలం రాదు. శరీరం శీతకాలం కోసం దాస్తూనే ఉంటుంది. ఆ శీతకాలం ఎన్నటికీ రాదు.

మానవులలో మధుమేహం వ్యాపించడానికి ఇటువంటి కారణమే ఉండవచ్చునని 1962లో జేమ్స్ నీల్ అనే అమెరికన్ జన్యుశాస్త్రవేత్త సూచించాడు. కరవు కాలంలో ప్రాణం నిలిపిన పొదుపు గుణమే సమృద్ధి కాలంలో శత్రువవుతుందని ఆయన ఊహ. మానవుల విషయంలో ఆ ఊహపై వాదోపవాదాలు ఇంకా ముగియలేదు. తట్టుల విషయంలో మాత్రం జరిగేదానిని అర్థం చేసుకోవడానికి ఇంతకంటె తేలికైన ఉపమానం దొరకడం కష్టం.

దోషి చక్కెర కాదు

తిన్న మేతలోని పిండి, చక్కెర రక్తంలో చేరగానే క్లోమం ఇన్సులిన్ అనే రసాన్ని స్రవిస్తుంది. కండరాలకూ కాలేయానికీ ‘ఈ చక్కెరను తీసుకొనండి’ అని చెప్పడం దాని పని. జీవక్రియ చెడిన గుర్రంలో ఆ అవయవాలు ఈ ఆదేశాన్ని పెడచెవిని పెడతాయి. క్లోమం ఇంకా గట్టిగా చెప్పవలసి వస్తుంది. అనగా ఇన్సులిన్ మరింతగా స్రవిస్తుంది. కొన్ని తట్టులలో మేత పేగులలో పడగానే అవసరానికి మించిన ఇన్సులిన్ ఉప్పెనలా వచ్చిపడుతుంది.

మనుష్యులలో నడివయస్సున వచ్చే మధుమేహంలో క్లోమం క్రమంగా అలసిపోతుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది. గుర్రంలో కథ వేరుగా నడుస్తుంది. దాని క్లోమం సామాన్యంగా అలసిపోదు. ఏళ్ల తరబడి ఇన్సులిన్‌ను అధికంగా పోస్తూ చక్కెరను అదుపులోనే ఉంచుతుంది. కనుక రక్తంలో చక్కెర మాత్రమే పరీక్షించి ‘బాగానే ఉంది’ అని నిశ్చింతగా ఉండడం గుర్రం విషయంలో పెద్ద పొరపాటు. కొలవవలసింది చక్కెరను అదుపు చేయడానికి శరీరం పడుతున్న పాటును, అనగా ఇన్సులిన్‌ను.

ఈ రహస్యం విడడానికి చాలా కాలం పట్టింది. ధాన్యం అతిగా తిన్న గుర్రం కాళ్లు పట్టుకుపోయి కుంటుతుందని ప్రాచీన గ్రీకులకు తెలుసు. ‘యవల జబ్బు’ అని దానిని పిలిచారు. క్రీస్తుకు పూర్వం నాలుగవ శతాబ్దంలో అశ్వ విద్యపై గ్రంథం వ్రాసిన జెనోఫన్ ఆ మాటను వాడాడు. మన దేశంలో శాలిహోత్రుని పేర అశ్వవైద్యం వర్ధిల్లింది. తెలుగులో మనుమంచి భట్టు ‘హయలక్షణ విలాసము’ రచించాడు. అయితే తిండికీ గిట్టకూ నడుమ గల లంకె ఏమిటో ఇరవయ్యవ శతాబ్దం చివరి వరకు ఎవరికీ స్పష్టంగా తెలియలేదు.

1983లో కాఫ్‌మన్, కాలిస్ అనే ఇద్దరు పరిశోధకులు గిట్టల జబ్బు వచ్చిన తట్టుల శరీరాలు ఇన్సులిన్‌కు సరిగా స్పందించడం లేదని చూపారు. 2002లో అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయానికి చెందిన ఫిలిప్ జాన్సన్ స్థూలకాయం, ఇన్సులిన్‌కు లొంగని శరీరం, గిట్టల జబ్బు అనే మూడింటినీ ఒక్క రుగ్మతగా వర్ణించాడు.

నిర్ణయాత్మకమైన సాక్ష్యం 2007లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ నుండి వచ్చింది. అక్కడి శాస్త్రజ్ఞులు ఆరోగ్యంగా ఉన్న తట్టులను తీసుకొన్నారు. అవి బలిసినవి కావు, పూర్వం గిట్టల జబ్బు ఎరిగినవీ కావు. ఐదింటికి నరం ద్వారా ఇన్సులిన్‌ను నిరంతరాయంగా ఎక్కిస్తూ, చక్కెర పడిపోకుండ గ్లూకోజును కూడ ఇచ్చారు. మూడు దినాలు గడవక ముందే ఐదింటికీ నాలుగు గిట్టలలోను జబ్బు ప్రవేశించింది. ఇన్సులిన్ ఇవ్వని తట్టులు క్షేమంగా ఉన్నాయి. 2010లో పొడుగు జాతి గుర్రాలపై జరిపిన ప్రయోగం కూడ ఇదే ఫలితాన్ని ఇచ్చింది. దీనితో అనుమానం తీరిపోయింది. గిట్టను చెరచేది క్రొవ్వు కాదు, చక్కెరా కాదు. హద్దు మీరిన ఇన్సులిన్.

గిట్ట లోపల జరిగే ఘోరం

గుర్రం తన బరువునంతటినీ నాలుగు గోళ్లపై మోసే జంతువు. గిట్ట అంటే ఒక విధంగా పెద్ద గోరే. దాని లోపల ఒక ఎముక ఉంటుంది. ఆ ఎముక గిట్ట అడుగున ఆనుకొని నిలబడి ఉండదు. గిట్ట గోడ లోపలి వైపుకు వ్రేలాడదీసినట్లు ఉంటుంది. దానిని పట్టి ఉంచేవి పుస్తకంలోని పుటల వలె ఒకదానిలో ఒకటి ఇమిడిన సన్నని పొరలు. ఒక్కొక్క గిట్టలో ఇటువంటి పొరలు సుమారు 550 నుండి 600 వరకు ఉంటాయి. ప్రతి పొరకూ మరల నూరుకు పైగా ఉపపొరలు. ఎముకకూ గోడకూ నడుమ పట్టు అంత గట్టిది.

ఇన్సులిన్ అధికంగా ఉన్నప్పుడు ఈ పొరలలోని కణాలు సాగి, పట్టు సడలిపోతుంది. గుర్రం బరువు మాత్రం ఎప్పటివలె పైనుండి పడుతూనే ఉంటుంది. క్రమంగా ఎముక గోడ నుండి విడి, ముందుకు తిరుగుతుంది, లేదా క్రిందికి దిగుతుంది. పాపం ముదిరిన స్థితిలో ఎముక అంచు అరికాలిని చీల్చుకొని బయటపడవచ్చు. ఈ వ్యాధికి లామినైటిస్ అని పేరు. ఆ స్థితికి వచ్చిన జంతువుకు బాధ తప్పించడానికి వైద్యుని చేతిలో మిగిలేది అనేక సందర్భాలలో ఒకే ఒక మార్గం: శాశ్వత నిద్ర. మెడ లావెక్కినప్పుడే మేలుకొంటే ఈ ఘట్టం రాకుండ చేయవచ్చు. గుర్తులను చదవడం నేర్చుకోవలసింది ఇందుకే.

చేతితో చదవవలసిన గుర్తులు

మొదటి గుర్తు మెడ. జూలు మొలిచే గట్టు వెంట చేయి పెట్టి చూడాలి. ఆరోగ్యవంతమైన గుర్రంలో అది మెత్తగా, పలుచగా, అటూ ఇటూ సులభంగా వంగేదిగా ఉంటుంది. జీవక్రియ చెడుతున్నకొద్దీ అక్కడ క్రొవ్వు పేరుకొని గట్టు ఎత్తవుతుంది, చేతి పిడికిలి నిండుతుంది, వంచబోతే వంగదు. మరీ ముదిరినప్పుడు ఆ బరువుకు గట్టు ఒక వైపుకు ఒరిగిపోతుంది. 2009లో పరిశోధకులు ఈ మెడకు సున్న నుండి 5 వరకు అంకెలతో ఒక కొలమానం ఏర్పరచారు. 3, ఆపైన అంకె వస్తే వైద్యుని సంప్రదించడం మంచిది. కోడె గుర్రాలకు సహజంగానే మెడ కొంత నిండుగా ఉంటుందన్నది గుర్తుంచుకోవాలి.

రెండవది ప్రక్కటెముకలు. దీనికి ఒక చిట్కా ఉంది. ముందుగా పిడికిలి బిగించి, వేళ్ల మొదళ్ల కణుపులను రెండవ చేతితో తడమండి. గుర్రం ఎముకలు అలా తగిలితే అది చిక్కిపోయింది. చేయి చాచి వెనుక భాగాన్ని తడమండి. ఎముకలు అలా తెలిస్తే బాగుంది. అరచేతిని తడిమినట్లు మెత్తగా తోచి, ఎముకను వెదకడానికి వేలితో అదమవలసి వస్తే అది మితిమీరి బలిసింది. చలికాలపు గుబురు వెండ్రుకలు కంటిని మోసగిస్తాయి, చేతిని మోసగించలేవు.

మూడవది క్రొవ్వు గడ్డలు. శరీరమంతటా సమంగా కాక, భుజం వెనుక, తోక మొదట, మగ గుర్రంలో జననేంద్రియపు తొడుగు చుట్టూ, ఆడ గుర్రంలో పొదుగు దగ్గర దిండ్లవలె పేరుకొన్న క్రొవ్వు అనుమానాస్పదం. కంటి పైన సహజంగా ఉండే గుంట పూడుకొనిపోయి ఉబ్బెత్తుగా కనబడడం కూడ ఇటువంటిదే. మేత తగ్గించినప్పుడు మేను చిక్కినా ఈ గడ్డలూ మెడ గట్టూ కరగక నిలిచి ఉంటే అనుమానం మరింత బలపడుతుంది.

నాల్గవది గిట్ట గోడ. గిట్ట నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరుకు లోబడి పెరుగుతుంది. పైన పుట్టిన భాగం ముందు కొనకు చేరడానికి తొమ్మిది నెలల నుండి ఏడాది పడుతుంది. కనుక గిట్ట గోడ గడచిన ఏడాదికి దినచర్య పుస్తకం వంటిది. దానిపై అడ్డంగా ఉండే వలయాలు ఒకదానికొకటి సమదూరంలో ఉంటే చింత లేదు. ముందు భాగాన దగ్గరగాను, మడమ వైపు పోయినకొద్దీ ఎడంగాను ఉంటే, ఎవరూ గమనించకుండానే జబ్బు ఒకసారి వచ్చిపోయిందని అర్థం. నాడాలు మార్చే రోజున గిట్ట అడుగును శుభ్రం చేయించి చూడాలి; అరికాలికీ గోడకూ నడుమ నుండే తెల్లని గీత వెడల్పైనా, దానిలో పాత నెత్తుటి మరకలు కనబడినా అదే సాక్ష్యం. ఈ విషయంలో నాడాలు కొట్టేవాడు చాలా సార్లు వైద్యునికంటె ముందు హెచ్చరించగలడు.

ఐదవది నడక. గట్టి నేలపై జంకుతూ పొట్టి అడుగులు వేయడం, మెత్తని నేల వెదకి నడవడం, మలుపు వద్ద తడబడడం, నిలుచున్నచోట ఒక కాలి మీది బరువును మరొక కాలికి మాటిమాటికీ మార్చడం – వీటిని బద్ధకమనో మొండితనమనో త్రోసివేయరాదు. 1948లో స్వీడన్ పశువైద్యుడు నిల్స్ ఓబెల్ ఈ కుంటితనాన్ని నాలుగు మెట్లుగా విభజించాడు. కాళ్లు మార్చడం మొదటి మెట్టు. పిలిస్తే వచ్చినా కర్రలపై నడిచినట్లు నడవడం రెండవది. నడవడానికి ఇష్టపడక, కాలెత్తబోతే ఎత్తనీయకపోవడం మూడవది. బలవంతం చేస్తేనే గాని కదలకపోవడం నాల్గవది. మొదటి మెట్టు మీద పట్టుకొన్న జబ్బుకూ, నాల్గవ మెట్టు మీద చూచిన జబ్బుకూ నడుమ ఒక ప్రాణమంత దూరం ఉంది.

వీటికి తోడు ఆడ గుర్రం సక్రమంగా ఎదకు రాకపోవడం, చూలు నిలువకపోవడం కూడ కొన్నిచోట్ల ఈ దోషం వల్లనే జరుగుతాయి.

పొరబడరాని రెండు విషయాలు

బలిసిన ప్రతి గుర్రానికీ ఈ వ్యాధి ఉన్నదనుకోరాదు. సన్నగా ఉన్న ప్రతి గుర్రానికీ లేదనుకోరాదు. మేను పలుచగా ఉండి మెడ మాత్రం లావెక్కినవి, పైకి ఏ గుర్తూ లేక ఇన్సులిన్ ఒక్కటే హెచ్చినవి కూడ వైద్యులకు తారసపడుతుంటాయి. అట్లే పదిహేనేండ్లు దాటిన గుర్రంలో మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి చెడడం వల్ల వచ్చే వేరొక వ్యాధి ఉంది. అందులో వెండ్రుకలు పొడుగ్గా పెరిగి కాలానికి రాలవు, వీపు కండ కరుగుతుంది. గిట్టల జబ్బు అందులోనూ రావచ్చు. రెండింటికీ చికిత్స వేరు. కనుక తుది నిర్ణయం వైద్యునిదే.

అందుకు రక్త పరీక్ష అవసరం. సామాన్యంగా ముందు రాత్రి కొద్దిగా ఎండుగడ్డి మాత్రమే ఉంచి, ఉదయం బరువును బట్టి లెక్కించిన చక్కెర పానకం నోటి ద్వారా ఇచ్చి, గంట, గంటన్నర లోపల రక్తం తీసి ఇన్సులిన్ ఎంత పెరిగిందో చూస్తారు. గుర్రం తీవ్రమైన నొప్పిలో ఉన్నప్పుడు ఈ పరీక్ష చేయరాదు. నొప్పి, భయం కూడ ఇన్సులిన్‌ను పెంచుతాయి. గిట్ట లోపలి ఎముక ఏ స్థితిలో ఉన్నదో ఎక్స్‌రే చెబుతుంది. జంషెడ్‌పూర్ ప్రాంతం వారికి రాంచీ సమీపంలోని కాంకేలో పశువైద్య కళాశాల ఉంది. హర్యానాలోని హిసార్‌లో అశ్వాల కోసమే ఏర్పడిన జాతీయ పరిశోధన కేంద్రం ఉంది.

కొలత టేపు చెప్పే లెక్క

చికిత్సలో మొదటి మెట్టు బరువు తెలుసుకోవడం. లాయంలో తూనిక యంత్రం లేకపోయినా చింత లేదు. మూపు వెనుకగా ఛాతీ చుట్టుకొలతను, భుజం ముందు కొన నుండి పిరుదు వెనుక కొన వరకు పొడవును సెంటీమీటర్లలో తీసుకోవాలి. చుట్టుకొలతను దానితోనే హెచ్చవేసి, వచ్చిన దానిని పొడవుతో హెచ్చవేసి, 11,880తో భాగిస్తే సుమారు బరువు కిలోలలో వస్తుంది. చుట్టుకొలత 150, పొడవు 130 అయితే బరువు దాదాపు 246 కిలోలు. కచ్చితమైన తూకం కాకపోయినా నెలనెలకూ హెచ్చుతగ్గులు తెలియడానికి ఇది చాలును.

బరువు తగ్గించవలసిన గుర్రానికి రోజుకు దాని బరువులో నూటికి ఒకటిన్నర వంతు పొడి మేత సరిపోతుంది. పై లెక్కలోని తట్టుకు సుమారు 3 కిలోల 700 గ్రాములు. దానిని ఒకేసారి పడవేయక, నాలుగైదు సార్లుగా, సన్నని కన్నుల వల సంచిలో పెడితే నెమ్మదిగా తింటుంది. బెల్లం, మొలాసిస్ కలిపిన దాణా, ధాన్యం, గోధుమ తవుడు, ప్రేమతో అందించే మిఠాయి పూర్తిగా మాన్పించాలి. ఎండుగడ్డిని ఒక గంట చన్నీళ్లలో నానబెట్టి, ఆ నీరు పారబోసి పెడితే అందులోని చక్కెర కొంత పోతుంది. ఎండ కాలంలో అంతకు మించి నాననిస్తే గడ్డి పులుస్తుంది. మేత తగ్గించినప్పుడు ఖనిజ లవణాలు, విటమిన్లు, మాంసకృత్తులు లోపించకుండ వైద్యుని సలహాపై విడిగా ఇవ్వాలి.

పచ్చిక విషయంలోనూ వివేచన కావాలి. శీతల దేశాల గడ్డిలోను, మన వైపు శీతకాలంలో పచ్చిమేతకై పెంచే యవలు, ఓట్లు వంటి పైరులలోను చక్కెరలు ఎక్కువగా నిలువ ఉంటాయి. మన గరిక ఆ విధంగా నిలువ చేసే జాతి కాదు. అయినా తొలకరి తరువాత లేతగా, దట్టంగా లేచిన ఏ పచ్చికలోనైనా బలిసిన తట్టును రోజంతా వదలరాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. లావు తగ్గించే తొందరలో ఉపవాసం ఉంచరాదు. తట్టులు, గాడిదలు, ముఖ్యంగా చూలుతో ఉన్నవి, ఒక్కసారిగా పస్తుంటే నిలువ ఉన్న క్రొవ్వంతా రక్తంలోకి వెల్లువలా వచ్చిపడుతుంది. రక్తరసం పాలవలె తెల్లబడి, కాలేయం చెడి ప్రాణాపాయం కలుగుతుంది. వారానికి శరీరపు బరువులో నూటికి అర నుండి ఒక వంతు తగ్గితే చాలు.

గిట్టలు క్షేమంగా ఉన్నంతవరకు వ్యాయామాన్ని మించిన మందు లేదు. వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట చురుకుగా పరుగునడక నడిపిస్తే బరువు తగ్గడమే కాక కండరాలు ఇన్సులిన్ మాట వినడం మొదలుపెడతాయి. మందుల విషయానికి వస్తే, మనుష్యులకు మధుమేహంలో ఇచ్చే మెట్‌ఫార్మిన్ గుర్రం పేగులలో సరిగా ఇంకదు. మూత్రం ద్వారా చక్కెరను బయటకు పంపే కొత్త తరగతి మాత్రలను ఇటీవలి సంవత్సరాలలో వైద్యులు కఠిన సందర్భాలలో వాడుతున్నారు. వాటి వలన రక్తంలో క్రొవ్వు పెరిగే ప్రమాదం ఉన్నది కనుక రక్త పరీక్షలు తప్పవు. మేత, శ్రమ సరిదిద్దకుండ మందు ఒక్కటే ఏమీ చేయలేదు.

ఆపద వచ్చిన ఘడియలో

ఒక ఉదయం లాయం తలుపు తెరిచేసరికి గుర్రం ముందు కాళ్లను చాచి, బరువునంతా వెనుక కాళ్లపై వేసి, వెనుకకు వాలి నిలుచున్నట్లు కనబడవచ్చు. గిట్టపై చేయి వేస్తే వేడి తగులుతుంది. గిట్టకు పైన, కాలి కీలు ప్రక్కన వేలుంచితే, మామూలుగా తెలిసీ తెలియనట్లుండే నాడి సుత్తితో కొట్టినట్లు తెలుస్తుంది. లామినైటిస్ వచ్చింది. ఒక్క గంట కూడ ఆలస్యం చేయక పశువైద్యుని పిలిపించాలి.

‘నాలుగడుగులు నడిపిస్తే కాళ్ల పట్టు వదులుతుంది’ అన్నది పాత నమ్మకం. దానికంటె హాని చేసే సలహా మరొకటి లేదు. ప్రతి అడుగుకూ సడలిన పొరలు ఇంకా తెగుతాయి. గుర్రాన్ని ఉన్నచోటనే ఉంచి, కాళ్ల క్రింద మెత్తని ఇసుకగాని రంపపు పొట్టుగాని దట్టంగా పరచాలి. ధాన్యం, పచ్చిమేత తీసివేసి, నీరు, కొద్దిగా ఎండుగడ్డి అందుబాటులో ఉంచాలి. తొలి దశలో గిట్టలను మంచుగడ్డలతో చల్లబరచడం మేలు చేయవచ్చు. నొప్పి తగ్గించే మందును వైద్యుడు బరువును చూచి నిర్ణయిస్తాడు. ఇంటిలో ఉన్న మాత్రలు ఇవ్వరాదు. స్టెరాయిడ్ సూదిమందు పూర్వం ఎప్పుడైనా ఇచ్చి ఉంటే ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి. తొలి గంటలలో చికిత్స అందుకొని, తరువాత మేత నియమం పాటించిన తట్టులు ఎన్నో మరల పిల్లలను ఎక్కించుకొని తిరుగుతున్నాయి. నియమం సడలిన చోట జబ్బు తిరిగివస్తుంది. వచ్చిన ప్రతిసారి గిట్టను ఇంకొంత బలహీనపరుస్తుంది.

‘గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు’ అన్న సామెత పని చేయని జంతువును తిండి దండుగ అని వెక్కిరించడానికి పుట్టింది. పని లేని తట్టు విషయంలో దానిని హెచ్చరికగా తీసుకోవచ్చు: దాణా తగ్గకపోతే నష్టపోయేది యజమాని గాదె కాదు, గుర్రం గిట్ట.

ఇందుకు కావలసింది నెలకు ఒక పావుగంట. నెల మొదటి తేదీన టేపుతో ఛాతీ కొలిచి ఒక నోటు పుస్తకంలో వ్రాయాలి. మెడ గట్టును వంచి చూడాలి, ప్రక్కటెముకలు తడమాలి, నాలుగు గిట్టల వలయాలు పరిశీలించాలి, గట్టి నేలపై పది అడుగులు నడిపించి చూడాలి. పిల్లలున్న ఇంట ఈ పనిని వారికి అప్పగించవచ్చు. బెల్లపు ముక్క పెట్టడంలో ఉన్న ఆనందం వారికి ఇందులోనూ దొరుకుతుంది. మూడు నెలల అంకెలు వరుసగా పెరుగుతూ పోతే, గుర్రం ఎంత చక్కగా కనబడుతున్నా సరే, ఆ పుస్తకాన్ని చేతపట్టుకొని పశువైద్యుని వద్దకు వెళ్లవలసిన రోజు వచ్చిందన్నమాట.